సెలైను సీసా మీద ఏం రాసి ఉంటుంది? ఎక్కించే ముందు చూడవలసిన సంగతులు



మన ట్రస్టు స్కాలర్‌షిప్పు అందుకునే పిల్లల్లో కొందరు నర్సింగు, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదువుతున్నారు. మిగిలినవారు బి.ఎ., బి.కాం., ఇంజనీరింగు ఏది చదువుతున్నా, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఆసుపత్రికి వెంట వెళ్ళేది వాళ్ళే. మన నాగరగెరె చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం, మందుల మీద రాసి ఉండేది ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషు చదవగలిగిన మనిషి ఇంట్లో ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరూ మీరే. అందుకే ఈ వ్యాసం మీకోసం రాస్తున్నాను.

నేను డాక్టరును కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. చెక్కు చేతికి వస్తే తేదీ, అంకెలు, అక్షరాలు, సంతకం, దిద్దుబాట్లు చూసి, నంబరు రాసుకుని గానీ డబ్బు ఇవ్వకపోవడం మా పని. సెలైను సీసాను కూడా సరిగ్గా అదే వరుసలో చూడవచ్చు. దానికి వైద్యం తెలియనక్కరలేదు, రెండు నిమిషాల ఓపిక చాలు.

బళ్లారిలో ఏం జరిగింది?

మనలాగే తెలుగు మాట్లాడేవాళ్ళు ఎక్కువగా ఉన్న బళ్లారిలో, 2024 నవంబరులో జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ అయిన బాలింతలు కొందరు వరుసగా జబ్బుపడ్డారు. కొద్ది వారాల్లో ఐదుగురు చనిపోయారు. వాళ్ళకు ఎక్కించిన రింగర్స్ ల్యాక్టేట్ అనే సెలైను మీద అనుమానం వచ్చింది. అది పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ్ బంగ ఫార్మాస్యూటికల్స్ సరఫరా చేసిన సరుకు. కర్ణాటక ప్రభుత్వం ఆ సెలైను వాడకం నిలిపివేసి, రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారిని సస్పెండ్ చేసింది. కొన్ని బ్యాచ్‌లు రాష్ట్ర ప్రయోగశాల పరీక్షలో తప్పితే, కేంద్ర ప్రయోగశాల కొన్నింటిని బాగున్నాయని చెప్పినట్టు కూడా బయటపడింది.

ఆ కంపెనీ తయారీని ఆపించాలని 2024 డిసెంబరులోనే ఆదేశాలు వచ్చాయి. అయినా 2025 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని మేదినీపూర్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో అదే కంపెనీ సెలైను వాడిన బాలింతలు జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. అక్కడి విచారణలో సెలైను ఒక్కటే కాక డాక్టర్ల వైపు లోపాలు కూడా ఉన్నట్టు తేలింది. కానీ మనం గమనించవలసినది ఒకటుంది. ఒక రాష్ట్రంలో అనుమానించిన సరుకు, ఇంకో రాష్ట్రంలో మంచం పక్కకు చేరింది. మధ్యలో ఆపవలసిన చేతులు ఎన్నో ఉన్నాయి. చివరి చెయ్యి మంచం పక్కన ఉన్నవాళ్ళది.

సీసాలో నిజంగా ఏముంది?

గ్లూకోస్ నీళ్ళు, ఉప్పునీళ్ళు, రింగర్స్ ల్యాక్టేట్ అన్నీ చూడడానికి మంచినీళ్ళలాగే ఉంటాయి. కంటితో తేడా పట్టలేము. చదివితేనే తెలుస్తుంది.

లేబులు మీద శాతం పక్కన డబ్ల్యు/వి అని ఉంటుంది. అంటే 100 మి.లీ. ద్రవంలో ఎన్ని గ్రాములు కలిపారో చెప్పే లెక్క. డెక్స్‌ట్రోస్ 5 శాతం అంటే 100 మి.లీ.లో 5 గ్రాములు, 500 మి.లీ. సీసాలో 25 గ్రాములు. ఇలా ఎక్కించే గ్లూకోస్ గ్రాముకు 3.4 కేలరీలు ఇస్తుంది. 25ను 3.4తో గుణిస్తే 85 కేలరీలు. రాగిపిండి 100 గ్రాములకు సుమారు 320 కేలరీలు ఉంటాయి. అంటే ఒక సీసా గ్లూకోస్‌లో ఉన్న బలం, గుప్పెడు రాగిపిండితో చేసిన చిన్న సంగటి ముద్దలో ఉన్నంతే. ఆ ముద్దలో మాంసకృత్తులు, సున్నం, పీచు అదనంగా ఉంటాయి. సీసాలో అవి ఉండవు.

మన పల్లెల్లో "నీరసంగా ఉంది, ఒక బాటిలు ఎక్కించండి" అని అడిగే అలవాటు చాలా ఉంది. కూలి డబ్బు ఇచ్చి సూది పొడిపించుకుని, ముద్దంత బలం కొనుక్కుంటున్నారన్నమాట. నోటితో తాగగలిగిన మనిషికి వాంతులు, విరేచనాలు అయితే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు చాలావరకు సరిపోతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి సెలైను అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోస్ కలిపిన నీళ్ళు తాగించి ఎందరినో బతికించారు. తాగలేని స్థితిలో ఉన్నవారికి, ఒళ్ళు తెలియనివారికి, నీళ్ళు బాగా ఇంకిపోయినవారికి, ఆపరేషను అయినవారికి మాత్రం సెలైను ప్రాణాధారమే. ఆ సంగతి డాక్టరు నిర్ణయిస్తారు.

ఉప్పు లెక్క కూడా చూడండి. నార్మల్ సెలైనులో 0.9 శాతం ఉప్పు ఉంటుంది. 500 మి.లీ. సీసాలో 4.5 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజంతటికీ 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. రక్తపోటు, గుండె జబ్బు ఉన్న పెద్దవారికి అవసరం లేని సెలైను ఎందుకు మంచిది కాదో ఈ లెక్కే చెబుతుంది. రింగర్స్ ల్యాక్టేట్‌లో ఉప్పుతో పాటు పొటాషియం, కాల్షియం, ల్యాక్టేట్ ఉంటాయి. కాల్షియం ఉన్న సెలైనును సెఫ్‌ట్రయాక్సోన్ అనే ఇంజక్షనుతో కలిపితే గట్టి రేణువులు కట్టవచ్చు, ముఖ్యంగా పసిబిడ్డలకు ఇది ప్రమాదం. కాబట్టి చక్కెర జబ్బు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉంటే ఎక్కించే ముందే డాక్టరుకు, సిస్టరుకు చెప్పాలి.

రక్తనాళం ద్వారా పూర్తి ఆహారం

గ్లూకోస్ బాటిలు వేరు, పూర్తి ఆహారం వేరు. పేగు ఆపరేషను అయ్యి చాలా రోజులు ఏమీ తినలేనివారికి, నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు రక్తనాళం ద్వారానే భోజనం ఇస్తారు. దీన్ని టి.పి.ఎన్. అంటారు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో డాక్టర్ స్టాన్లీ డడ్రిక్ బృందం 1960ల చివర, పేగు లోపంతో పుట్టిన ఒక పసిబిడ్డను ఈ పద్ధతిలోనే పోషించి లోకానికి చూపించింది. అంతకు కొన్నేళ్ళ ముందే స్వీడన్‌లో ఆర్విడ్ రెట్లిండ్ సోయా నూనెను, గుడ్డు సొనలోని ఒక పదార్థంతో కలిపి, రక్తంలోకి ఎక్కించదగిన పాల వంటి ద్రవంగా తయారుచేశారు.

ఈ సంచిలో గ్లూకోస్, మాంసకృత్తుల మూలమైన అమైనో ఆమ్లాలు, కొవ్వు, లవణాలు ఉంటాయి, విటమిన్లు కలుపుతారు. కొన్ని సంచులు మూడు అరలుగా వస్తాయి, వాడే ముందు అరల మధ్య అతుకు విప్పి కలుపుతారు. ఇందులో చూడవలసినవి నాలుగు.

1. సోయా, గుడ్డు, చేప, వేరుశనగ ఇవి పడనివారు ఉంటే ముందే చెప్పాలి. కొవ్వు ద్రవం సోయా, గుడ్డు పదార్థాలతో తయారవుతుంది. కొన్నింటిలో చేపనూనె కూడా ఉంటుంది.

2. మూడు అరలు పూర్తిగా కలిశాయా లేదా చూడాలి. ఒక అర విడిపోకపోతే రోగికి సగం భోజనమే అందుతుంది.

3. కలిపిన సంచి అంతా ఒకేలా పాల రంగులో ఉండాలి. పైన పసుపు నూనె తెట్టు కట్టినా, విడివిడిగా గీతలు కనిపించినా వాడకూడదు.

4. మంచం పక్కన ఎవరూ సొంతంగా ఇంకో మందు కలపకూడదు. కాల్షియం, ఫాస్ఫేట్ సరైన పాళ్ళలో, సరైన వరుసలో కలపకపోతే సున్నంలాంటి రేణువులు కడతాయి. పాల రంగు వాటిని కప్పేస్తుంది. ఇలా కట్టిన రేణువుల వల్ల ఇద్దరు చనిపోయారని 1994లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్.డి.ఎ. హెచ్చరిక జారీ చేసింది.

కొన్నేళ్ళ క్రితం మా తమ్ముడి భార్యకు పేగు ఆపరేషను అయ్యాక తొమ్మిది రోజులు ఇలాగే ఆహారం ఇచ్చారు. ఒక రాత్రి సిస్టరు సంచి తెచ్చి, పై కవరు లోపల తడి ఉండడం చూసి, విప్పకుండానే వెనక్కి పంపింది. బ్యాచ్ నంబరు రిజిస్టరులో రాసి, ఇంకొకటి తెప్పించింది. అరగంట ఆలస్యమైంది. ఆ అమ్మాయికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు ఉంటాయేమో. నాకు మా బ్యాంకులో, సంతకం కలవని చెక్కును ఎంత పెద్దమనిషి తెచ్చినా తిప్పి పంపిన కౌంటరు గుమాస్తాలు గుర్తుకొచ్చారు.

లేబులు చదివే వరుస

1. పేరు, శాతం. డాక్టరు రాసినదీ, సీసా మీద ఉన్నదీ ఒకటేనా? డెక్స్‌ట్రోస్‌లో 5, 10, 25, 50 శాతాలు ఉన్నాయి. చెక్కు మీద అంకెలు, అక్షరాలు కలవాలి కదా, అలాగే చీటీ, సీసా కలవాలి.

2. గడువు తేదీ. నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల ఆఖరి రోజు వరకు అని అర్థం. చెక్కు గడువు ఒకప్పుడు ఆరు నెలలు, 2012 ఏప్రిల్ నుంచి మూడు నెలలు. ఒక్క రోజు దాటినా మేము తీసుకోం. సెలైనుకు కూడా మినహాయింపు లేదు.

3. తయారీదారు పేరు, చిరునామా, తయారీ లైసెన్సు నంబరు, తయారైన తేదీ. ఇవి లేని సీసా, సంతకం లేని చెక్కు ఒకటే.

4. బ్యాచ్ నంబరు. దీని సంగతి కింద వివరంగా చెబుతాను.

5. అంకెలు చెరిపి దిద్దినట్టున్నా, లేబులు మీద లేబులు అంటించినట్టున్నా, ముద్ర అలికినట్టున్నా ఒప్పుకోకూడదు.

6. నిల్వ సూచన. ఎంత వేడి లోపల ఉంచాలో, వెలుతురు తగలకుండా ఉంచాలో రాసి ఉంటుంది. ఎండ పడే కిటికీలో, దుకాణం బయట పెట్టిన డబ్బాల్లో ఉన్న సరుకు కొనవద్దు.

ప్యాకింగు చూసే వరుస

1. పై కవరు చిరిగిందా? లోపల తడి ఉందా?

2. సీసాను లేక సంచిని మెల్లగా నొక్కితే ఎక్కడైనా చుక్క కారుతోందా? అతుకుల దగ్గర, మూత దగ్గర ప్రత్యేకంగా చూడాలి. కారే చోటు నుంచి లోపలికి సూక్ష్మజీవులు కూడా వెళ్ళగలవు.

3. మూత సీలు ముందే విప్పి ఉందా? రబ్బరు మీద సూది గుచ్చిన గుర్తు ఉందా?

4. వెలుతురుకు ఎత్తి ఒకసారి తెల్లగోడ ముందు, ఒకసారి నల్లబట్ట ముందు చూడాలి. నల్ల రేణువులు తెలుపు మీద, తెల్ల రేణువులు నలుపు మీద కనిపిస్తాయి. మబ్బుగా ఉన్నా, పోగుల వంటివి తేలుతున్నా, రంగు మారినా వద్దు.

5. సగం వాడి పక్కన పెట్టిన సీసాను మరొకసారి, మరొకరికి వాడకూడదు.

6. గాలి కోసం సీసాకు సూది గుచ్చే అలవాటు కొన్ని చోట్ల కనిపిస్తుంది. ఆ రంధ్రం గుండా వార్డులోని గాలి నేరుగా లోపలికి పోతుంది. గాలి వడకట్టే ఫిల్టరు ఉన్న సెట్టు అడగవచ్చు.

ఏదైనా తేడా కనిపిస్తే మీరే గొట్టం పీకడం, చక్రం తిప్పడం చేయవద్దు. సిస్టరును పిలిచి, "అమ్మా, ఇది ఒకసారి చూడండి" అని మర్యాదగా అడగండి. కోప్పడితే కూడా మళ్ళీ అడగండి. మన గౌరిబిదనూరు తాలూకా హొసూరులో పుట్టి, 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం స్థాపించిన డాక్టర్ హెచ్. నరసింహయ్య గారు జీవితమంతా నేర్పింది ప్రశ్న అడగడమే.

కంటికి కనబడనిది

ఇంత చూసినా, అన్నీ కంటికి కనబడవు. సూక్ష్మజీవులు కొద్దిగా ఉంటే ద్రవం తేటగానే ఉంటుంది. చచ్చిన సూక్ష్మజీవుల నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే విషం మరిగించినా పోదు, కంటికీ కనబడదు. 2011లో జోధ్‌పూర్ ఉమైద్ ఆసుపత్రిలో పదిమందికి పైగా బాలింతలు చనిపోయినప్పుడు, వాళ్ళకు ఎక్కించిన సెలైను కలుషితమైనదని పరీక్షల్లో తేలింది.

1972లో ఇంగ్లండులో ప్లిమత్ నగరం డెవన్‌పోర్టు ఆసుపత్రిలో జరిగినది చదవదగినది. ఒక బ్యాచ్ డెక్స్‌ట్రోస్ 5 శాతం సీసాల్లో సూక్ష్మజీవులు ఉన్నాయి, ఐదుగురి మరణంలో వాటి పాత్ర ఉండవచ్చని విచారణ సంఘం తేల్చింది. సీసాలను ఆటోక్లేవ్‌లో, అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ వంటి యంత్రంలో ఆవిరితో శుద్ధి చేస్తారు. కుక్కర్‌లో గాలి పోకముందే వెయిట్ పెడితే అన్నం సరిగ్గా ఉడకదు. అలాగే అడుగున గాలి చిక్కుకుని, కింది వరుస సీసాలకు వేడి అందలేదు. వేడి పెరగలేదని నమోదు థర్మామీటరు చూపించింది కూడా. మీటరే చెడిపోయిందనుకుని, ఒత్తిడి ముల్లు చూసి సరిపెట్టుకున్నారు. మా లెక్కల్లో రెండు పుస్తకాలు కలవకపోతే, నచ్చిన పుస్తకాన్ని నమ్మి రెండోదాన్ని మూసేయం. తేడా ఎక్కడుందో తేలేదాకా ఇంటికి వెళ్ళం.

1970-71లో అమెరికాలో చాలా ఆసుపత్రుల్లో ఒకే రకం జ్వరాలు వచ్చాయి. వెతికితే, సెలైను సీసా మూత లోపలి పొరలో సూక్ష్మజీవులు దొరికాయి. లోపలి మందుది కాదు, ప్యాకింగుది లోపం. 2011లో అమెరికాలోని అలబామాలో ఒక ఫార్మసీ కలిపిన టి.పి.ఎన్. సంచుల వల్ల 19 మందికి రక్తంలో సూక్ష్మజీవులు చేరాయి, వాళ్ళలో తొమ్మిదిమంది చనిపోయారు. అవే సూక్ష్మజీవులు ఆ ఫార్మసీ కొళాయి మీదా దొరికాయి.

బ్యాచ్ నంబరు ఎందుకు రాసుకోవాలి?

ఇన్ని ఉదాహరణలు చెప్పింది ఒక్క మాట కోసం. కంటితో చూసే తనిఖీ కొన్ని సీసాలను ఆపుతుంది, అన్నింటినీ ఆపలేదు. కనబడని లోపం ఉన్న మొదటి సీసాను మనం పట్టలేకపోవచ్చు. రెండో సీసాను, పదో సీసాను, పక్క తాలూకాలో ఇంకా విప్పని డబ్బాను మాత్రం ఆపవచ్చు. అది బ్యాచ్ నంబరు ఉంటేనే సాధ్యం. ఒకేసారి, ఒకే యంత్రంలో తయారైన సీసాలన్నింటికీ ఒకే బ్యాచ్ నంబరు. "సెలైను ఎక్కించాక చలి వచ్చింది" అని చెబితే ఎవరూ ఏమీ చేయలేరు. "ఫలానా కంపెనీ, ఫలానా బ్యాచ్, ఫలానా రోజు, ఫలానా వేళ" అని చెబితే ఆ బ్యాచ్ మొత్తాన్ని ఎక్కడున్నా ఆపవచ్చు. నంబరు లేని చెక్కు పోయిందని చెబితే బ్యాంకు చెల్లింపు ఆపలేదు, ఇదీ అంతే.

కాబట్టి ఇలా చేయండి.

1. సీసా ఎక్కించే ముందు లేబులును ఫోను‌తో ఫోటో తీయండి. పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ స్పష్టంగా కనబడాలి. ఫోను లేకపోతే కాగితం మీద రాసుకోండి.

2. మొదలుపెట్టిన వేళ రాయండి. తరువాత చలి, వణుకు, జ్వరం, ఆయాసం, దద్దుర్లు వస్తే వెంటనే సిస్టరును పిలవండి, ఆ వేళ కూడా రాయండి.

3. అలా జరిగితే సీసా, గొట్టం పారవేయకుండా ఆసుపత్రివారినే భద్రపరచమని కోరండి. పరీక్షకు అవే ఆధారం.

4. బయట దుకాణంలో కొంటే బిల్లు తప్పక తీసుకోండి, బిల్లు మీద బ్యాచ్ నంబరు వేయించుకోండి.

5. మందు వల్ల హాని జరిగిందని అనుమానం ఉంటే మామూలు మనుషులు కూడా చెప్పుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఔషధ భద్రతా కార్యక్రమం 2010లో మొదలైంది, దాని ఉచిత ఫోను నంబరు 1800-180-3024.

6. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం 26వ సెక్షను ప్రకారం, తాను కొన్న మందును నిర్ణీత రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకునే హక్కు కొన్నవారికి ఉంది. ఇది మనలో చాలామందికి తెలియని హక్కు.

నర్సింగు, ఫార్మసీ చదివే పిల్లలకు ఒక ప్రత్యేక మనవి. రేపు మీరు ఉద్యోగంలో చేరాక, రాత్రి డ్యూటీలో ఇరవై మంచాలు ఒక్కరే చూసుకోవలసి వస్తుంది. అప్పుడు మొదట మానాలనిపించేది ఈ నంబరు రాసే పనే. అది మానవద్దు. కేస్ షీటులో మీరు రాసిన ఆ నాలుగు అంకెలే, ఎవరో ముక్కూ మొహం తెలియని తల్లికి రేపు ఎక్కబోయే సీసాను ఆపుతాయి.

మిగిలిన విద్యార్థులు పై రెండు వరుసలను ఒక చిన్న కాగితం మీద తెలుగులో రాసి, ఇంట్లో ఆసుపత్రి చీటీలు దాచే సంచిలో పెట్టండి. అమ్మకు, నాన్నకు, అవ్వకు ఒకసారి చదివి వినిపించండి. మీరు ఊళ్ళో లేని రోజున కూడా, "బ్యాచ్ నంబరు రాశారా అమ్మా?" అని వాళ్ళు అడగగలిగితే చాలు.